గేదెకున్న లెక్క కుక్కకేదీ?

కర్లపాలెం చుట్టుపక్కల పాడిగేదె ఉన్న ఏ ఇంటికైనా వెళ్లి దాని మేత గురించి అడిగి చూడండి. పూటకు తవుడు ఎంత, చెక్క ఎంత, ఈనిన తరువాత దాణా ఎప్పుడు పెంచాలి, పచ్చిగడ్డి దొరకని ఎండల్లో వరిగడ్డితో ఎలా నెట్టుకురావాలి, కుడితిలో ఉప్పు ఎంత వెయ్యాలి, ఇవన్నీ ఆ ఇంటివాళ్లకు నోటి లెక్కలు. పుస్తకం తియ్యరు, ఫోను చూడరు. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లకు పక్కనే ఉన్న మండలం ఇది. పైరుకు ఏ ఎరువు ఏ రోజున అన్నది కూడా ఇక్కడ మాటల్లోనే దొర్లిపోతుంది. అదే ఇంటి వాకిట్లో ఒక కుక్క పడుకుని ఉంటుంది, వంటింటి గుమ్మం దగ్గర ఒక పిల్లి తచ్చాడుతుంటుంది. వాటికేం పెడుతున్నారని అడిగితే మాత్రం వచ్చే జవాబు ఒక్కటే: “ఏముందండీ, మేం తినగా మిగిలింది.” ఈ అధ్యాయమంతా ఆ ఒక్క జవాబు గురించే. మిగిలింది పెట్టడం తప్పని నేననను. లెక్క లేకుండా పెట్టడం తప్పంటాను. గేదె దగ్గర మనకు ఇప్పటికే ఉన్న బుద్ధిని నాలుగడుగులు ఇటు జరిపితే చాలు, కొత్తగా నేర్చుకోవలసింది తక్కువే.

గేదె దగ్గర లెక్క ఎందుకు పుట్టింది? మేతలో తేడా వస్తే సాయంత్రానికి పాల కొలతలో తెలిసిపోతుంది కాబట్టి. కుక్కకు, పిల్లికి అలాంటి కొలత పాత్ర లేదు. కుక్కకు వెంట్రుకలు రాలుతుంటే గజ్జి అంటాం, నీరసంగా పడుకుంటే వయసైపోయింది అంటాం, పదే పదే పారుకుంటుంటే ఏదో గడ్డి తిని ఉంటుంది అంటాం. పిల్లి కంటిచూపు మందగించిందన్న సంగతి మనకసలు తెలియనే తెలియదు. ఇవన్నీ తిండి వల్లే వస్తాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పార్వో వైరస్ ఉంది, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఉన్నాయి, వాటికి టీకాలు, మందులు వేరే. కానీ అదే పార్వో సోకిన రెండు కూనల్లో ఏది తట్టుకుంటుందన్నది చాలావరకు ఆ రోగం రాకముందు వాటి కడుపులో ఏం పడిందన్నదాని మీద, పొట్టలో ఎన్ని పురుగులున్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే తిండి సంగతి మందుల సంగతి కంటే ముందు మాట్లాడుకోవాలి.

ముందు కుక్క సంగతి. అన్నం తినే జంతువుగా కుక్క మన దగ్గరికి చాలా దూరమే నడిచి వచ్చింది. 2013లో స్వీడన్ పరిశోధకులు తోడేళ్ల జన్యువులను, కుక్కల జన్యువులను పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువుకు తోడేలులో రెండే ప్రతులు ఉంటే, కుక్కల్లో నాలుగు మొదలుకొని ముప్ఫై దాకా కనిపించాయి. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి ధాన్యం దాచుకున్న చోట, ఆ గింజల వంటను అరిగించుకోగలిగిన కుక్కలే బతికి పిల్లల్ని కన్నాయన్నమాట. కాబట్టి కుక్కకు అన్నం పెట్టడం ఘోరమని, అది తోడేలు కనుక పచ్చిమాంసమే తినాలని ఈమధ్య కొందరు చెబుతున్న మాటకు ఆధారం బలహీనం. మన ఊరకుక్క అన్నంతోనే పెరిగింది. అయితే అరిగించుకోగలగడం వేరు, అదొక్కటే సరిపోవడం వేరు. కోల్‌కతాలోని ఐసర్ సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, రొట్టెతో కడుపు నింపుకునే కుక్క కూడా మాంసం వాసన ఉన్న ముక్కనే ముందుగా ఎంచుకుంది. దానికి ఏం కావాలో దాని ముక్కుకు తెలుసు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పదిహేను కిలోల నాటుకుక్కకు రోజుకు సుమారు 850 కిలోకేలరీల శక్తి కావాలి. మన ఇళ్లలో మామూలుగా పెట్టే పెరుగన్నంతోనే అది సమకూరుస్తామనుకోండి: అరకిలో వండిన అన్నం, మూడు వందల గ్రాముల పెరుగు. శక్తి దాదాపు సరిపోతుంది, కడుపు నిండుతుంది, తోక ఊగుతుంది. కానీ అందులో మాంసకృత్తులు పాతిక గ్రాములకు మించవు. కుక్కల ఆహారం తయారీదారులు పాటించే అమెరికా ప్రమాణం ప్రకారం అంత శక్తి ఇచ్చే తిండిలో కనీసం 38 గ్రాములు ఉండాలి. పదమూడు గ్రాముల లోటు. ఒక రోజు లోటు ఏమీ చెయ్యదు. మూడేళ్ల పాటు రోజూ పదమూడు గ్రాములు తగ్గితే అది చర్మం మీద, కండ మీద, పుండు మానే వేగం మీద కనిపిస్తుంది. ఇప్పుడు ఆ అన్నంలో నుంచి రెండు గుప్పెళ్లు తీసేసి రెండు ఉడకబెట్టిన గుడ్లు నలిపి కలపండి. లోటు దాదాపు పూడిపోయింది. మూడు గుడ్లయితే పూర్తిగా పూడింది. గుడ్డు పచ్చిగా వద్దు, పచ్చి తెల్లసొన ఒక విటమినును ఒంటికి పట్టనివ్వదు. ఒక టీ ఖర్చుతో అయ్యే సవరణ ఇది. వెయ్యి రూపాయల టానిక్ సీసా కంటే ముందు చెయ్యవలసిన పని కూడా ఇదే.

పిల్లి కథ పూర్తిగా వేరు. కుక్క మన వైపు నడిచి వచ్చిందన్నాను. పిల్లి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అది మన ఇంట్లోకి వచ్చింది గాని మన వంటలోకి రాలేదు. వచ్చింది కూడా గింజల కోసం కాదు, గింజల్ని తినే ఎలుకల కోసం. దాని ఒళ్లు ఇప్పటికీ ఎలుకను తినడానికి కట్టిన ఒళ్లే. తీపి అనే రుచి దానికి తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో తేలింది. క్యారెట్‌లోని పసుపు పదార్థాన్ని మనమూ కుక్కలూ విటమిన్ ఏగా మార్చుకోగలం, పిల్లి మార్చుకోలేదు. అన్నిటికంటే ముఖ్యమైనది టారిన్. ఇది మాంసంలో, చేపలో, ముఖ్యంగా గుండెకాయలో దొరికే పదార్థం; అన్నంలో, పప్పులో, కూరగాయల్లో లేనట్టే. కుక్క దీన్ని చాలావరకు సొంతంగా తయారుచేసుకుంటుంది. పిల్లి చేసుకోలేదు. టారిన్ అందని పిల్లులకు కంటిపొర చెడి చూపు పోతుందని 1975లో కనుగొన్నారు. 1987లో కాలిఫోర్నియా పశువైద్యులు ఇంకో సంగతి బయటపెట్టారు: గుండె కండరం పలచబడి సాగిపోయి చనిపోతున్న పిల్లుల్లో చాలావాటికి అసలు రోగం టారిన్ లోపమే, అది ఇస్తే గుండె మళ్లీ కోలుకుంటోంది. విశేషమేమిటంటే ఆ పిల్లులు తింటున్నది పెరుగన్నం కాదు, పేరున్న డబ్బా ఆహారం. ఆ తరువాతే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. డబ్బా ఆహారం తిన్న పిల్లికే అంత జరిగితే, నాలుగు కిలోల పిల్లికి రెండు పూటలా పాలన్నం పెట్టే ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఆ ఇంటి పిల్లి ఇంకా బాగానే ఉందంటే, గడ్డివాములో ఎలుకలు, గోడమీద బల్లులు దాని పళ్లెంలోని లోటు తీరుస్తున్నాయని అర్థం. బాపట్లలోనో తెనాలిలోనో అపార్టుమెంటులో తలుపు వేసి పెంచే పిల్లికి ఆ వెసులుబాటు లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. మా ఇంట్లో మాంసం వండం, గుడ్డు కూడా రానివ్వం, మా నియమం మాది, మరి మేం జంతువుల్ని పెంచకూడదా? కుక్క విషయంలో పెంచుకోవచ్చు. పాలవిరుగుడు, పెరుగు, మెత్తగా ఉడికించిన పెసరపప్పు, సెనగలు, ఖనిజాల పొడి కలిపి, ఏడాదికి ఒకసారి పశువైద్యుడి చేత రక్తపరీక్ష చేయించుకుంటూ నడిపిస్తే కుక్క ఆ ఇంట్లో ఆరోగ్యంగానే బతుకుతుంది. పిల్లి విషయంలో నా జవాబు సూటిగా ఉంటుంది: పాలు పెరుగులతో పిల్లిని పెంచలేరు. వంటింట్లో వండడానికి మనసొప్పకపోతే, పిల్లులకోసం తయారైన పూర్తి ఆహారం ప్యాకెట్ తెచ్చి వసారాలో పెట్టవచ్చు. దానికీ ఒప్పకపోతే పిల్లిని తెచ్చుకోకపోవడమే దానికి చేసే మేలు. జీవకారుణ్యం పేరుతో ఒక జీవికి దాని తిండి లేకుండా చెయ్యడం ఏ శాస్త్రం ప్రకారమూ కారుణ్యం కాదు.

సముద్రపు గాలి తగిలే ఊళ్లు కనుక పిల్లికి చేప దొరకడం ఇక్కడ కష్టం కాదు. సూర్యలంక నుంచో నిజాంపట్నం నుంచో వచ్చిన చేపలు శుభ్రం చేసేటప్పుడు తలలు, తోకలు, పేగులు ఒక పక్కకు పడతాయి, పిల్లి అక్కడే కూర్చుని ఉంటుంది. ఈ దృశ్యంలో మంచి ఎంత, చెడు ఎంత? చేప మంచిదే, ఉడకబెడితే. కొన్ని రకాల పచ్చిచేపల్లో విటమిన్ బి1ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. రోజూ అదే తింటే పిల్లి మెడ వాలిపోయి, తూలి, మూర్ఛలు వచ్చే స్థితికి చేరుతుంది. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఉడికించిన నీళ్లు పారబోయకండి, టారిన్ నీటిలో కరిగే పదార్థం, సగం సారం ఆ నీళ్లలోకే దిగుతుంది. చల్లారాక ఆ నీళ్లతో సహా గిన్నెలో పొయ్యాలి. పిల్లికి తిండీ నీరూ ఒకేసారి అందుతాయి. వారమంతా ఒట్టి చేపే కాకుండా మధ్యలో కోడి గుండెకాయలు, కొద్దిగా కార్జం ఉండాలి. ఎండునెత్తళ్లు, ఎండురొయ్యలు మాత్రం పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. అవి ఉప్పు ముద్దలు. నానబెట్టి, ఆ నీరు వంపేసి, ఎప్పుడో ఒకసారి రుచి చూపించడం వేరు, చౌకగా వస్తున్నాయని రోజూ వెయ్యడం వేరు. ఇక కోడి బొమికలు. పచ్చి ఎముక కొంత వంగుతుంది, ఉడికిన ఎముక పుల్లలా చీలి మొన తేలుతుంది. ఆదివారం రాత్రి విస్తరిలో మిగిలిన బొమికలన్నీ కుక్కకు వేసి, మంగళవారం దానికి మలం రావడం లేదని ఆసుపత్రికి పరుగెత్తడం మనకు కొత్త కాదు. ఇంకోవైపు, బలం వస్తుందని కూనకు ఎముక లేని మాంసం, అన్నం మాత్రమే పెట్టేవాళ్లున్నారు. అందులో సున్నం ఉండదు. ఎదిగే కూన తన ఎముకల్లోంచే సున్నం లాక్కుంటుంది, దాంతో కాళ్లు వంకర తిరుగుతాయి. కడిగి ఎండబెట్టి మెత్తగా దంచిన గుడ్డుపెంకు ఒక గ్రాములో దాదాపు నాలుగు వందల మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. ఎంత వెయ్యాలో కూన బరువును బట్టి డాక్టరును అడిగి వెయ్యండి.

మిగిలిన కూరల్లో అసలు ప్రమాదం కారం కాదు, ఉల్లిపాయ. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. వండినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. కిలో బరువుకు ఐదు గ్రాముల ఉల్లి పిల్లికి హాని చెయ్యడానికి సరిపోతుంది. నాలుగు కిలోల పిల్లికి ఇరవై గ్రాములు, అంటే సగం చిన్న ఉల్లిపాయ. కుక్కకు కిలోకు పదిహేను గ్రాముల నుంచి ప్రమాదం మొదలవుతుంది. గుంటూరు ప్రాంతపు నాలుకకు ఉల్లి, వెల్లుల్లి లేని కూర కూరే కాదు కదా. అందుకే నేను చెప్పే పద్ధతి: తాలింపుకు ముందే వాటి వాటా తీసేయండి. ఉప్పు, కారం, ఉల్లి పడకముందు ఉడికిన మాంసం రెండు ముక్కలు, పప్పు ఒక గరిటె పక్కన పెడితే వంట రెండుసార్లు చెయ్యనక్కరలేదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు పనికిరావు; ఇవి పట్నం పిల్లల చేతుల్లోంచే ఎక్కువగా జారుతుంటాయి.

ఇంకో ప్రమాదం ఈ ఇసుక నేలల సొంతం. బాపట్ల తీరం వెంబడి వేరుశనగ పండే పొలాలున్నాయి. కోత సమయంలో వానపడి కాయ సరిగా ఎండకపోతే బూజు పడుతుంది. ఆ బూజు కక్కే విషం పేరు అఫ్లటాక్సిన్. దాని కథ మొదలైందే వేరుశనగతో: 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోతే, వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది ఆ కారణం. ఈ విషం కాలేయాన్ని పట్టుకుంటుంది, కుక్క దీనికి చాలా సున్నితం. అమెరికాలో బూజు పట్టిన మొక్కజొన్న కలిసిన కుక్కల ఆహారం వల్ల 2020 చివర్లో పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. మనుషులకు పనికిరాదని పక్కన పడేసిన కాయలు, గేదె ముట్టని పాచి చెక్క, నాలుగు రోజుల నాటి బూజు రొట్టె కుక్కకు వెయ్యడం పొదుపులా కనిపిస్తుంది. గేదెకు బూజు చెక్క వెయ్యని రైతు కుక్కకు వేస్తాడు. కుక్క కాలేయం గేదె కాలేయం కంటే గట్టిదేమీ కాదు. ప్యాకెట్ ఆహారం కొన్నవాళ్లు కూడా విప్పిన సంచిని తేమగాలిలో నెలల తరబడి వదిలేస్తే అదే గతి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పొయ్యండి, నెలకు సరిపడా మాత్రమే కొనండి.

నీళ్ల దగ్గరికి వద్దాం. పిల్లి పూర్వీకుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల అడవిపిల్లి. అది నీరు తాగేది తక్కువ, తిన్న ఎలుక ఒంట్లోంచి తీసుకునేదే ఎక్కువ. ఎలుకలో మూడింట రెండొంతులకు పైగా నీరే. ఆ వారసత్వం వల్ల మన పిల్లికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది, మూత్రం చిక్కగా వస్తుంది. నాలుగు కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు రమారమి రెండు వందల మిల్లీలీటర్ల నీరు కావాలి. రెండు వందల గ్రాముల ఉడికిన చేప తింటే అందులోనే నూట యాభై వచ్చేస్తాయి. అదే అరవై గ్రాముల పొడి గుళికలు తింటే వచ్చేది ఆరు మిల్లీలీటర్లు. మిగిలిందంతా గిన్నెలోంచి తాగాలి, తాగదు. ఆ చిక్కటి మూత్రంలో స్ఫటికాలు పేరుకుని, సన్నటి నాళం ఉన్న మగపిల్లికి దారి మూసుకుపోతుంది. పదే పదే ఇసుక ట్రేలోకి వెళ్లి కూర్చుంటుంది, అరుస్తుంది, చుక్క పడదు. చూసేవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. అది మలబద్ధకం కాదు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే సంగతి, తెల్లారేదాకా ఆగే రోగం కాదు. పొడి ఆహారమే పెట్టక తప్పని ఇళ్లలో దాన్ని నీళ్లలో నానబెట్టి పెట్టడం, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా ఉంచడం పెద్ద పనులు కావు.

కుక్కకు కిలోకు యాభై, అరవై మిల్లీలీటర్లు మామూలు రోజుల్లో సరిపోతాయి. పదిహేను కిలోల కుక్కకు దగ్గరదగ్గర లీటరు. కానీ రోహిణి కార్తెలో ఈ లెక్క పనిచెయ్యదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని ఫ్యాను. రొప్పినప్పుడు నాలుక మీది తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. రాయలసీమ పొడి ఎండలో ఆవిరవుతుంది. సముద్రపు తేమ నిండిన బాపట్ల గాలిలో అంత సులభంగా ఆవిరవదు. అందుకే థర్మామీటరు అంకె తక్కువగా కనిపించినా ఇక్కడి కుక్కకు ఉక్క ఎక్కువ. మట్టి మూకుడులో, నీడపట్టున, రోజుకు రెండుసార్లు మార్చిన నీళ్లు ఉండాలి. తీరపు ఊళ్లలో చాలా బోర్లు ఉప్పగా పడతాయి. మీరు నోట్లో పోసుకుని ఉమ్మేసే నీళ్లు కుక్క మూకుడులో పొయ్యకండి, ఇంటికి తెచ్చుకునే క్యాన్ నీళ్లలో ఒక చెంబు దానివి. వరిచేల మడుల్లో, బోదెల్లో నిలిచిన నీళ్లు తాగి వచ్చే కుక్కకు ఇంకో గండం ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది, అది మనుషులకూ వస్తుంది. ఇంట్లో మంచినీళ్లు ఎప్పుడూ ఉన్న కుక్క బోదె దగ్గరికి వెళ్లడం తగ్గుతుంది, టీకా కూడా వేయించాలి. ఒంట్లో నీరు తగ్గిందేమో తెలుసుకోవడానికి పై పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టండి. జారితే బాగుంది. వేలు అంటుకుంటున్నట్టుంటే నీరు తక్కువైంది.

తిండీ నీరూ కలిసి పనిచేసే చోటు పేగు. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులుంటాయి, జంతువు అరిగించలేని పీచును అవి పులియబెట్టి, పెద్దపేగు గోడకు ఆహారంగా పనికొచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటి సంఖ్య, రకాలు మనం పెట్టే తిండిని బట్టి మారతాయి. మారడానికి వాటికి వ్యవధి కావాలి. మేత మార్చేటప్పుడు గేదెకు ఒక్కసారిగా మార్చవద్దని, కడుపు ఉబ్బుతుందని మనకు తెలుసు. అదే సూత్రం ఇక్కడా. కొత్త తిండి మొదటి రెండు రోజులు పావు వంతు, తరువాత సగం, అలా వారం నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. సంక్రాంతి మూడు రోజులూ అరిసెలు, గారెలు, బిర్యానీ తినిపించి నాలుగో రోజు కుక్కకు విరేచనాలంటే దిష్టి తియ్యడం వల్ల ప్రయోజనం లేదు. పాలు తల్లి దగ్గర తాగినన్నాళ్లే అరుగుతాయి, పెద్దయ్యాక పాల చక్కెరను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. పిల్లి పాలు ఇష్టంగా తాగుతుందన్నది నిజం, దానికి పడతాయన్నది నిజం కాదు. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గుతుంది గనుక కుక్కకు నయం. పెరుగులోని మంచి బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టి అన్నీ సరిచేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, అవి చాలావరకు దారినపోయే చుట్టాలు. ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప రెండు చెంచాలు రోజూ పడితే పేగులో అసలు కాపురమున్న సూక్ష్మజీవులకు మేత దొరుకుతుంది.

గేదెకు పాల పాత్ర ఉన్నట్టు కుక్కకు కొలత పాత్ర లేదని మొదట్లో అన్నాను. ఉంది, మనం చూడం. అది మలం. ముక్కులు మూసుకోకుండా రోజుకు ఒకసారి చూడండి. విరిగీ విరగని ముక్కలుగా, కాగితంతో తీస్తే నేలమీద మరక మిగలకుండా వస్తే తిండి సరిపడింది. గోలీల్లా గట్టిగా ఉంటే నీరు తక్కువ లేదా ఎముక ఎక్కువ. తీసినప్పుడు మరక మిగులుతుంటే ఏదో పడలేదు. జిగురు కనిపిస్తే పెద్దపేగులో ఇబ్బంది ఉందని గుర్తు. తారులా నల్లగా ఉంటే పైభాగంలో రక్తస్రావం, ఆ రోజే డాక్టరు. ఎర్రటి నీళ్ల విరేచనాలతో వాంతులు చేసుకుంటున్న టీకా లేని కూనను గంటల మీద తీసుకెళ్లాలి. తెల్లటి దారాలు, అన్నం గింజల్లాంటివి కనిపిస్తే పురుగులు. కొంకిపురుగుల లార్వాలకు తడి ఇసుక అంటే మహా ఇష్టం, అంటే మన తీరపు నేల. అవి కూన రక్తం తాగి చిగుళ్లు పాలిపోయేట్టు చేస్తాయి, చెప్పుల్లేకుండా అదే ఇసుకలో ఆడే పిల్లల చర్మంలోకీ దూరతాయి. కూనలకు రెండో వారం నుంచే పురుగుల మందు పట్టించడం మొదలుపెట్టాలి. ఎంత మంచి తిండి పెట్టినా పురుగులకే పోతుంటే మనం పెంచుతున్నది కుక్కను కాదు.

విరేచనాలు కనబడగానే మందుల షాపులో మనుషుల యాంటీబయాటిక్ బిళ్ల అడిగి సగం విరిచి మింగించడం బాగా పాతుకుపోయిన అలవాటు. చురుగ్గా ఉండి, రక్తం లేకుండా పారుకునే పెద్ద కుక్కకు అది అక్కరలేదని ఈమధ్య పశువైద్య మార్గదర్శకాలు గట్టిగానే చెబుతున్నాయి. చాలావరకు ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, నీళ్లతో రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. బిళ్ల వేస్తే మాత్రం పేగులోని సూక్ష్మజీవుల అమరిక చెదిరి, మళ్లీ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. పిల్లికి జ్వరమని పారాసెటమాల్ అసలు వెయ్యకూడదు. ఆ మందును విరిచేసే శక్తి దాని కాలేయానికి లేదు, ఒక్క బిళ్ల చాలు చంపడానికి. కడుపు చెడిందని లంఖణం పెట్టడం కుక్కకు ఒక పూట పనికొస్తుందేమో గాని పిల్లికి వద్దు. రెండు మూడు రోజులు తినని పిల్లి, అందులోనూ లావు పిల్లి, తన కొవ్వంతా కాలేయంలో పేర్చుకుని ఇంకో పెద్ద రోగం తెచ్చుకుంటుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటి మిగిలింది. ఊరకుక్కలు చెత్తకుండీలో దొరికింది తిని నిక్షేపంలా ఉన్నాయి కదా, ఇంత లెక్క ఎందుకు? నిక్షేపంలా ఉన్నవి మనకు కనిపిస్తున్నాయి, లేనివి కనిపించడం లేదు. భద్ర బృందమే పశ్చిమ బెంగాల్‌లో 364 వీధికూనలను పుట్టినప్పటి నుంచి గమనించింది. 2016లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం వాటిలో పిల్లల్ని కనే వయసుదాకా బతికినవి నూటికి పందొమ్మిది. ఆ చావుల్లో ఎక్కువ భాగం మనుషుల వల్ల, వాహనాల వల్ల జరిగినవే, అన్నీ తిండి వల్ల కాదు. ఆ మాట దాచను. కానీ బతికిన పందొమ్మిదిని చూపించి మిగతా ఎనభై ఒకటి లెక్కలోంచి తీసేసే వాదనతో మన ఇంటి గిన్నెను నడపలేం. మా తాతల కాలంలో అన్న మాటా ఇలాంటిదే. తాతల కాలపు పిల్లికి ధాన్యపు గాదె ఉండేది, గాదెలో ఎలుకలుండేవి.

ఖర్చు మాట నిజమే. కానీ ఈ అధ్యాయంలో చెప్పినవి ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి: రెండు గుడ్లు, చేప ఉడికించిన నీళ్లు, తాలింపుకు ముందు ఒక గరిటె, ఉప్పు లేని నీళ్లు, వేళకు పురుగుల మందు. దిగుమతి ప్యాకెట్టేదీ లేదు. ప్యాకెట్ మీద నాకు పగా లేదు, భక్తీ లేదు. కొనేవాళ్లు అది పూర్తి ఆహారమా, ఒట్టి చిరుతిండా అన్నది వెనకవైపు చదివి కొనాలి, కుక్క ప్యాకెట్ పిల్లికి పెట్టకూడదు, ఎందుకంటే పిల్లికి మాంసకృత్తులు చాలా ఎక్కువ కావాలి, టారిన్ తప్పనిసరి. పైగా మన దగ్గర చాలామంది చెయ్యవలసింది పెంచడం కాదు, తగ్గించడం. నలభై ఎనిమిది లాబ్రడార్ కుక్కలను జతలుగా విడదీసి, ఒకదానికి పెట్టేదానిలో నాలుగో వంతు తగ్గించి రెండోదానికి పెట్టి, చివరిదాకా చూశారు. 2002లో వచ్చిన ఫలితం: తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. పొద్దున అమ్మ, మధ్యాహ్నం పిల్లలు, రాత్రి తాతయ్య ఎవరికి వారు ప్రేమకొద్దీ పెట్టే ఇంట్లో కుక్కకు మూడు భోజనాలవుతాయి. పెట్టే చెయ్యి ఒకటే ఉండాలి, పెట్టింది గోడమీది క్యాలెండరులో ఒక గీత గీసి ఉంచాలి. పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేతికి తగలాలి.

పశువుల ఆసుపత్రి దూరమైతే సంచార పశువైద్య సేవల 1962 నంబరు ఫోనులో రాసి పెట్టుకోండి. ఈ రాత్రి మిగిలిన కూర వాకిట్లోకి తీసుకెళ్లే ముందు మాత్రం ఒక్కసారి గరిటెతో కలిపి, అందులో ఉల్లిపాయ ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి.